గొంతు లేని సీను

పొద్దున శ్రీనగర్ కాలనీ మందుల షాపులో బీపీ బిళ్లలు అడుగుతుంటే షాపాయన చీటీ చూడటం మానేసి నా మొహంలోకి చూశాడు. "అమ్మా, మీ గొంతు ఎక్కడో విన్నానండీ," అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లు డబ్బింగ్ చెప్పినదాన్ని. తెర మీద ఏడ్చిన, నవ్విన, వానలో తడిసిన, కాలేజీ గేటు దగ్గర హీరో చెంప పగలగొట్టిన అమ్మాయిల్లో ఎంతోమందికి గొంతు నాదే. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. కూరగాయల బండి దగ్గరా, బ్యాంకులోనూ నేను నోరు విప్పగానే జనం తల తిప్పి చూస్తారు, చూసి నీరుకారిపోతారు, ఆ గొంతుకి ఈ మొహమేంటి అన్నట్టు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత అదీ ఒక సరదా అయిపోయింది. రాంగ్ నంబర్ వచ్చినా సరే, కావాలని నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడి పెట్టేసేదాన్ని. కానీ మూడేళ్లుగా ఎవరైనా నా గొంతు గుర్తుపడితే సంతోషం కంటే ముందు సిగ్గు ముంచుకొస్తోంది. పొద్దున కూడా అంతే, "ఎవరిని చూసి ఎవరనుకున్నారో లెండి," అనేసి బిళ్లలు తీసుకుని బయటపడ్డాను. ఇదంతా మా మనవరాలి స్కూల్లో వేసిన ఒక నాటకం వల్ల వచ్చింది.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. అప్పుడు తొమ్మిదో క్లాసు. జూబ్లీహిల్స్‌లో, ఎక్కేటప్పుడు ఆటో కూడా మూలిగే ఒక ఎత్తు మీద వాళ్ల స్కూలు. మేమేమో మద్రాసు నుంచి ఇండస్ట్రీతోపాటు సామాన్లు సర్దుకుని వచ్చినవాళ్లం, కృష్ణాజిల్లా మాట ఇప్పటికీ వదల్లేదు. మా అల్లుడివాళ్లు తరతరాలుగా హైదరాబాద్ వాళ్లు, వెంగళరావు నగర్‌లో సొంతిల్లు. అందుకని ఈ పిల్లకి రెండు తెలుగులు వచ్చాయి. నా దగ్గర "ఏంటి అమ్మమ్మా" అంటుంది, అటు తిరిగి వాళ్ల నానమ్మతో "ఏంది నానమ్మా" అంటుంది. ఒకే వాక్యంలో రెండూ వచ్చిన రోజులున్నాయి. మా వియ్యపురాలికీ నాకూ ఈ పిల్ల ఎవరి పోలిక అన్న విషయంలో పదిహేడేళ్లుగా ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది. ముక్కు వాళ్లదని ఒప్పుకున్నాను. గొంతు మాత్రం నాదే అని నా పట్టు.

ఆ గొంతే ఆ పిల్లకి తలనొప్పి అయి కూర్చుంది. ఏటా స్కూల్లో పిల్లలు నాటకం వేస్తారు. ఆ ఏడు పిల్లలే రాసుకోవాలని వాళ్ల డ్రామా సార్ షరతు పెట్టాడట. దీనికి ముఖ్యమైన వేషం ఇచ్చారు. ఇవ్వగానే క్లాసులో పిల్లలు, "నీకేంటే, ఇంట్లో మీ అమ్మమ్మ ఉంది, నేర్పించేస్తుంది," అన్నారట. ఇంకొకత్తి ఇంకాస్త ముందుకెళ్లి, "గొంతు ఎలాగూ మీ అమ్మమ్మదే, నువ్వు చేసేదేముంది?" అందిట. ఆ సాయంత్రం, రోజూ స్కూలు వదలగానే వచ్చినట్టే, మా ఇంటికి వచ్చి బ్యాగు సోఫాలో విసిరి నా ముందు నిలబడింది. "అమ్మమ్మా, ఈసారి నువ్వు ఒక్క ముక్క నేర్పొద్దు. డైలాగ్ వినొద్దు, కరెక్ట్ చెయ్యొద్దు. ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను. కానీ లోపల చాలా కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. పెద్ద పెద్ద డైరెక్టర్లు కారు పంపి మరీ పిలిపించుకున్న దాన్ని, నా సొంత మనవరాలు గుమ్మం బయట నిలబెట్టింది. రెండ్రోజులు దానికిష్టమైన బంగాళదుంప వేపుడు చెయ్యలేదు. మూడో రోజు నాకే బుద్ధొచ్చి చేశాను.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు నమ్మబుద్ధి కాదు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ అంటే చీకటి గది, ముందు తెర, మధ్యలో మైకు. లోపలికి వెళ్లేటప్పుడు గాజులు తీసి పర్సులో వేసుకోవాలి, గంజి పెట్టిన చీర కట్టకూడదు, గరగరలాడుతుంది. తెర మీద హీరోయిన్ పెదాలు కదుపుతుంది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, షూటింగ్‌లో ఏ హిందీయో మాట్లాడి ఉంటుంది, మరీ బద్ధకస్తురాలైతే ఒకటి రెండు మూడు అని అంకెలు చదివి ఉంటుంది. ఆ అంకెల మీద మేం ప్రేమ పరచాలి, శోకం పరచాలి. పెదాలు మూసుకున్న చోట 'ప'యో 'మ'యో పడాలి, నోరు గుండ్రంగా తిరిగిన చోట దానికి తగ్గ మాట పడాలి. లిప్ పడకపోతే మళ్లీ టేక్. అలా ముప్పై ఏళ్లు మనుషుల కళ్లు చూడటం మానేసి మూతులు చూస్తూ బతికాను. చివరికి టీవీ సౌండ్ తీసేసి కూర్చున్నా వార్తలు చదివే అమ్మాయి ఏం చెబుతోందో నాకు తెలిసిపోయేది. మా ఆయన ఉన్నన్నాళ్లూ, "పక్కింటివాళ్లు కిటికీలో పోట్లాడుకుంటుంటే నీకు టికెట్టు లేని సినిమా," అని ఏడిపించేవారు. ఆయన మాటల్లో వేళాకోళం ఎంతో, నిజమూ అంతే. ఎక్కడైనా మూతి కదిలి శబ్దం రాకపోతే నా గొంతు దానంతట అదే లేచి నిలబడేది.

నాటకానికి రెండు రోజుల ముందు పిల్లకి గొంతు బొంగురుపోయింది. రిహార్సల్స్‌లో అరిచి అరిచి వచ్చిన బొంగురు. నేర్పొద్దంది గానీ మందు వెయ్యొద్దనలేదు కదా! మిరియాల కషాయం కాచాను, పటికబెల్లం బుగ్గన పెట్టించాను, మెడకి మఫ్లర్ చుట్టాను, మాట్లాడితే తంతానన్నాను. "నాకేం కాదు అమ్మమ్మా, అసలైన సీన్‌కి గొంతే అక్కర్లేదు," అంది ఒకసారి. జ్వరం కూడా వస్తోందేమో, ఏదేదో మాట్లాడుతోందని నుదురు పట్టి చూశాను. ఆ రోజు దాని మాట విని ఉంటే ఎంత బాగుండేది! కానీ పిల్లలు చెప్పేది వినే అలవాటు మనకెక్కడ ఏడ్చింది.

నాటకం రోజు స్కూలు ముందు కార్లు కొండ కింద దాకా నిలబడ్డాయి. మా అమ్మాయీ అల్లుడూ వీడియో తీస్తామని వెనక వరసకి పోయారు. నేనూ మా వియ్యపురాలూ మూడో వరసలో పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ పెద్దంచు గద్వాల చీర కట్టుకొచ్చింది. "వదినా, పోరిది గొంతు పోయిందంట కదా, మరి ఎట్లనో ఏమో," అంది. "నేను కషాయం ఇచ్చాను లెండి," అన్నాను, ఆ నమ్మకం నాకూ లేదు. నా మొదటి సినిమాకి మైకు ముందు నిలబడ్డప్పుడు కూడా అంత భయపడలేదు.

తెర లేచింది. నిజం చెప్పొద్దూ, పిల్లల నాటకం అంటే అట్టముక్కల చెట్లూ, మర్చిపోయిన డైలాగులూ ఉంటాయనుకున్నాను. అలాంటిదేమీ లేదు. స్టేజీ మీద సగం కట్టిన ఒక బంగళా, మేస్త్రీలు ఎక్కి నిలబడే కర్రల సారువ, ఒక మూల రేకుల షెడ్డు. జూబ్లీహిల్స్‌లో ఏ వీధిలో చూసినా కనబడేదే, రోజూ చూస్తూ వెళ్లిపోయేదే. ఆ షెడ్డులో కాపురముంటూ బంగళా కట్టే ఒక కుటుంబం కథ. పునాది నాడు వస్తారు, గృహప్రవేశం నాడు పోవాలి, అంతే కథ. మా మనవరాలు ఆ ఇంటి తల్లి. నెత్తి మీద తువ్వాలు చుట్ట పెట్టుకుని, ఆ పైన ఇసుక తట్ట పెట్టుకుని నడిచింది. ఆ నడకలో పద్నాలుగేళ్ల పిల్ల లేదు. బొంగురు గొంతుతోనే మాట్లాడింది, ఆ బొంగురు కూడా సిమెంటు దుమ్ములో పనిచేసే మనిషికి సరిగ్గా అతికింది. "గీ మెట్లు నేనే కడిగిన, గీ మెట్ల మీద నన్నే కూసోవద్దంటివి," అని మేస్త్రీతో తగాదా పెట్టుకుంటుంటే మా వియ్యపురాలు నా మోచెయ్యి గట్టిగా పొడిచి, "చూసినవా వదినా, మా మాట!" అంది. నేను యుద్ధం సంగతి మర్చిపోయి తలూపాను. అంత గర్వంగా ఉంది.

ఇంక చివరి సీను. ఇంటి ఓనరు కారులో వస్తాడు. కారంటే కారు లేదు. ఇద్దరు పిల్లలు స్టేజీ అంచున, మనకి ఎదురుగా, ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పట్టుకుని నిలబడ్డారు. అది కారద్దం. అంటే చూసేవాళ్లం మనం కారు లోపల ఉన్నట్టు. అప్పటిదాకా సైటులో డ్రిల్లింగ్ మిషన్ చప్పుడూ, సుత్తి దెబ్బలూ హోరెత్తుతున్నాయి. అద్దం పైకి లేవగానే అవన్నీ టక్కున ఆగిపోయి, ఏసీ చల్లగా తిరుగుతున్న సన్నటి శబ్దం మాత్రం మిగిలింది. అద్దానికి అవతల మా పిల్ల వచ్చి నిలబడింది. పెదాలు కదిపింది. శబ్దం లేదు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి. ఓనరు అద్దం దించడు, ఆవిడ చెప్పేది చెబుతూనే ఉంటుంది, కారులో కూర్చున్న మనకి వినబడదు. హాలంతటికీ అర్థమైంది. నాకు తప్ప.

నేను అద్దం చూళ్లేదు. ఏసీ శబ్దం వినలేదు. నాకు కనబడింది ఒక్కటే, మూతి కదులుతోంది, గొంతు రావట్లేదు. అయిపోయింది, నా పిల్ల గొంతు పూర్తిగా పోయింది, ఇంతమందిలో అభాసుపాలవుతోంది! ఆ తర్వాత నేనేమీ ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు ఆలోచించింది. మూడో వరసలోంచి, మైకు లేకుండానే హాలు చివరిదాకా వినబడేలా, దాని పెదాల కదలిక మీద అతికినట్టు చెప్పేశాను: "సార్, ఒక్క మాట. రెండేళ్లుగా మేం ఇక్కడే ఉంటున్నాం." అది "సారూ" అందనీ, "గీడనే ఉంటున్నం" అందనీ నాకు స్పష్టంగా కనబడుతూనే ఉంది. అయినా నా నోట్లోంచి వచ్చేటప్పటికి అది సినిమా తెలుగైపోయింది. పైగా చివర్లో చిన్న ఎక్కిలి, హీరోయిన్ పుట్టింటి నుంచి వెళ్లిపోయేటప్పుడు పెడతామే, సరిగ్గా అది. సిమెంటు తట్ట మోసే ఆ తల్లి నోట్లో పట్టుచీర కట్టుకున్న గొంతు!

రెండో వాక్యానికి మా వియ్యపురాలు నా కొంగు పట్టి గుంజింది. "వదినా! ఏం జేస్తున్నవ్? ఊకో!" అంది. అప్పుడు ఆగాను. అప్పటికే సగం హాలు నా వైపు తిరిగింది. ఎవరో, "అరే, ఈ గొంతు మనకి తెలుసు కదా," అన్నారు. ఎవరో సినిమా పేరు కూడా చెప్పారు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది, తర్వాత చప్పట్లు. నాకోసం చప్పట్లు! జన్మలో ఒక్కసారి జనం నా మొహం చూసి చప్పట్లు కొట్టారు, అదీ అక్కడ, అప్పుడు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. స్టేజీ మీద మా పిల్ల పెదాలు ఆగిపోయాయి. గొంతు అమ్మమ్మది అన్న మాట పడకూడదనే కదా అది గొంతు లేని సీను రాసుకుంది. అందరి ముందూ నేనే ఆ మాట నిజం చేసిపెట్టాను.

పక్కనుంచి వాళ్ల సార్ ఒక అడుగు బయటికి వచ్చాడు, తెర దించేద్దామా అన్నట్టు. మా పిల్ల అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది, పైకి కనబడీ కనబడనట్టు. నా వైపు మాత్రం చూడలేదు. నవ్వులు తగ్గేదాకా అలాగే నిలబడింది. ఏడవలేదు, తల దించుకోలేదు. ఆ తల్లి వేషంలోనే, నెత్తి మీద తువ్వాలు సర్దుకుంటూ, పని మధ్యలో ఎవరో పిలిస్తే ఆగిన మనిషి ఆగినట్టు ఆగింది. అందరూ సర్దుకున్నాక అద్దం పట్టుకున్న పిల్లలకి చేత్తో సైగ చేసింది, కిందికి దించమని. వాళ్లు దించారు. డ్రిల్లింగ్ మిషన్ మళ్లీ మోగింది. తను వెనక్కి నడిచి షెడ్డు దాకా వెళ్లింది. అక్కడ తిరిగి, మొదటిసారి వచ్చినట్టే మళ్లీ వచ్చింది. అద్దం లేచింది. చప్పుడు ఆగింది. మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెట్టింది. ఎన్ని వందల టేకులు చూశానో నా బతుకులో, చెడిపోయిన టేకు తర్వాత అంత శాంతంగా రెండోది చేసిన మనిషిని చూడలేదు. పేరున్న నటులు కూడా ఇలాంటప్పుడు కుర్చీలు తన్నేవాళ్లు.

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. గొంతు లోపల్నుంచి తోసుకొస్తోంది, పళ్లతో ఆపాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది మాట్లాడుతోంది. మధ్యలో వేళ్లతో అద్దం మీద తట్టింది. లోపల మనిషి కనబడట్లేదని కొంగుతో అద్దం తుడిచింది, అడుగుతూ అడుగుతూనే తుడిచింది, తుడవడం అలవాటైన చేతులు కదా. ఆ తుడుపు ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. ఒక మాట దగ్గర నవ్వింది కూడా. నేను ఒక్కొక్క మాటా చదువుకుంటూ కూర్చున్నాను, కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కొంగు లేదు, నోట్లో ఉంది. కారు కదిలింది. పిల్లలు అద్దాన్ని మెల్లగా పక్కకి తీసుకుపోయారు. మా పిల్ల నాలుగడుగులు దాని వెంట నడిచి, చివరి మాట చెప్పి, నోరు మూసుకుంది. అప్పుడు అద్దం పూర్తిగా తొలగి, చప్పుడంతా తిరిగి వచ్చింది. ఇప్పుడు మాట్లాడితే వినబడుతుంది. కానీ ఆవిడ మాట అయిపోయింది. తెర పడింది.

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. ఈసారి ఒక్కటీ నాది కాదు, దేవుడికి దండం పెట్టుకున్నాను. మా వియ్యపురాలు ముక్కు చీదుకుంటూ, "ఏమడిగింది వదినా? నీకెర్కనే కదా, జర చెప్పరాదు," అంది. చెప్పబోయాను, నోరు తెరిచాను కూడా. ఎందుకో మూసుకున్నాను.

వరండాలో అది రంగు సగం తుడుచుకుని వచ్చింది. నేనే ఎదురెళ్లాను. "తప్పైపోయిందే తల్లీ, నన్ను క్షమించు," అన్నాను. మనవరాలిని క్షమాపణ అడగడం అదే మొదటిసారి. "పరువు తీశావు అమ్మమ్మా," అంది, కోపంగానే అంది. "అవునే," అన్నాను. మిగతా రంగు గట్టిగా రుద్ది తుడుచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "రెండోసారి మొత్తం చదివావా?" అని అడిగింది. మొత్తం చదివానన్నాను. "అయితే చెవిలో చెప్పు," అంది. వంగి చెప్పాను, ఈసారి దాని మాటల్లోనే, గీడ అన్న చోట గీడ అనే చెప్పాను. అది నన్ను గట్టిగా పట్టుకుంది.

"స్క్రిప్టులో అక్కడ ఖాళీ వదిలాను అమ్మమ్మా. సార్‌కి తెలీదు, ఫ్రెండ్స్‌కి తెలీదు. వట్టిగా మూతి ఆడిస్తే అబద్ధమైతదని నిజంగా మాటలు రాసుకుని బట్టీ పట్టాను," అంది. "రెండు లైన్లు నువ్వే ఖరాబు చేశావు. మిగతావి ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా. అదే నీకు శిక్ష."

ఆ శిక్ష ఇంకా నడుస్తోంది. మా అమ్మాయి అడిగింది, అల్లుడు వీడియో పది సార్లు వేసి చూసి ఓడిపోయి అడిగాడు. వియ్యపురాలు ఏ పెళ్లిలో కలిసినా విస్తరి ముందు కూర్చుని, "ఇప్పుడన్న చెప్పు వదినా," అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. నోరు మూసుకుని ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు. చెప్పడమే ఉద్యోగంగా బతికినదాన్ని కదా. ఎన్ని వేల మాటలు చెప్పి ఉంటానో, థియేటర్ తలుపు దాటేసరికి అవన్నీ ఆ తెర మీది అమ్మాయిలవైపోయేవి, ఇప్పుడు గుర్తుచేసుకుందామన్నా ఒక్కటీ రాదు. పిల్ల ఇంటర్‌కి వచ్చేసింది, పొడుగులో నన్ను దాటేసింది. నా గొంతుకీ వయసొచ్చింది, పై స్థాయిలో జీర తగులుతోందని పిలవడం మానేశారు. చెప్పకుండా ఉంచుకున్న ఆ నాలుగు మాటలు మాత్రం ఇంకా తొమ్మిదో క్లాసులోనే ఉన్నాయి.